తోడుదొంగ యుండెనా?

ఊరిలో దొంగలు పడిరని వినగానే మనవారు మొదట "ఏమి పోయినది?" అని యడుగుదురు. ఆ వెంటనే గొంతు తగ్గించి "లోపలివారెవరో యుందురు సుమా!" అందురు. పెరటి తలుపు గడియ యెట్టిదో, కుక్క యెచ్చట పండుకొనునో, యజమానుడు ఏ రాత్రి యింట నుండునో యెరుగనివాడు ఒంటిగా వచ్చి పని ముగించుకొని పోజాలడని మనకొక గట్టి నమ్మకము. ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడను సామెత యీ నమ్మకమునుండియే పుట్టియుండును. పంచాయతులలో కూర్చుండి యిట్టి తగవులు విన్నవారు మీలో ననేకులుందురు. అందుచేత నేడు నేను చెప్పబోవు విషయము మీకు క్రొత్తగా దోపదు. జరిగిన దేశము మాత్రము దూరదేశము.

ఒక హత్య జరిగెను. ఒకడు పట్టువడెను. న్యాయస్థానము వానికి మరణశిక్ష విధించెను, అది నెరవేరెను. అయినను "వీడొక్కడే చేసెనా, వీనికి తోడుదొంగ యుండెనా?" అను ప్రశ్న తొంబది యేండ్లు దాటినను సమసిపోలేదు. ఇట్టి ప్రశ్న వచ్చినప్పుడు ఏ సాక్ష్యము దేనిని రుజువు చేయును, దేనిని చేయజాలదు అను సంగతిని ఈ యొక్క కథను పట్టుకొని వివరించెదను.

అమెరికా దేశమున చార్లెస్ లిండ్‌బర్గు అను వైమానికుడుండెను. 1927వ సంవత్సరము మే నెలలో అతడు ఒంటరిగా నొక చిన్న విమానమునెక్కి, నడుమ నెచ్చటను దిగక, న్యూయార్కునుండి పారిస్ నగరమునకు అట్లాంటిక్ మహాసముద్రముమీదుగా ముప్పదిమూడున్నర గంటలలో చేరెను. అప్పటికతనికి ఇరువదియైదేండ్లు. ఆ దినముననుండి అతని పేరెరుగని పసివాడుగూడ ఆ దేశమున లేకపోయెను. జనుల కన్నులు తప్పించుకొని బ్రతుకవలెనని అతడు న్యూజెర్సీ రాష్ట్రమున హోప్‌వెల్ అను గ్రామముచెంత అడవిలో నొక మేడ కట్టించుకొనెను.

1932 మార్చి 1వ తేది మంగళవారము. రాత్రి పదిగంటల వేళ దాది మేడమీది గదిలోనికి వెళ్లి చూడగా ఇరువది నెలల బిడ్డడు తొట్టిలో లేడు. కిటికీయొద్ద నొక ఉత్తరముండెను. 50,000 డాలర్లు సిద్ధపరచుమనియు, పోలీసులకు చెప్పవలదనియు అందులో వ్రాసియుండెను. భాష వచ్చీరాని యింగ్లీషు. అక్షరముల కూర్పులో జర్మను వాసన తగులుచుండెను. అడుగున గుర్తుగా, ఒకదానిపై నొకటి పడినట్లు రెండు వలయములును, మూడు బెజ్జములును ఉండెను. బయట చీకటిలో వెదుకగా, ఇంటికి కొంత దూరమున నొక నిచ్చెనయు, ఒక ఉలియు దొరికెను. నిచ్చెన బజారులో కొన్నది గాదు, చేతితో చేసినది. మూడు ముక్కలుగా విడదీసి కారులో పెట్టుకొనుటకు వీలైనది. దాని నిలువుకమ్మి యొకటి చీలియుండెను.

ఆ రాత్రి పోలీసులును, పత్రికలవారును, చూడవచ్చినవారును ఆ బురదనేలను తొక్కి పాడుచేసిరి. కిటికీక్రింద కనబడిన పాదముద్రకు అచ్చు తీయుటగూడ జరుగలేదు. మన గ్రామములలో జాడలు పట్టువారు అడుగుజాడ కనబడగానే దానిపై బుట్ట బోర్లించి యుంచెడివారు. అంతపాటి జాగ్రత్త అచ్చట నడచియుండినచో నేటి మన ప్రశ్న సగము తీరియుండెడిది.

తరువాతి ఉత్తరములో అడిగిన సొమ్ము 70,000 డాలర్లకు పెరిగెను. న్యూయార్కులోని బ్రాంక్సు పేటలో డాక్టరు జాన్ కాండన్ అను విశ్రాంత ఉపాధ్యాయుడు, డెబ్బదియేండ్లు దాటినవాడు, తాను మధ్యవర్తిగా నుందునని స్థానిక పత్రికలో ప్రకటించెను. దొంగలు దాని కొప్పుకొనిరి. ఒక శ్మశానవాటికలో రాత్రివేళ "జాన్" అని పేరు చెప్పుకొన్న యొకడు కాండనుతో చాలసేపు మాటలాడెను. తమది నలుగురు పురుషులు, ఇద్దరు స్త్రీలు గల ముఠా యనియు, తాను చిన్నవాడననియు, పైన పెద్దవాడొకడు కలడనియు వాడు చెప్పెను. ఏప్రిల్ 2వ తేదీన మరియొక శ్మశానములో సొమ్ము చేతులు మారెను. లిండ్‌బర్గు కొంత దూరమున కారులో కూర్చుండి, డాక్టరును పిలిచిన యా గొంతు వినెను. డెబ్బది వేలు దొరకలేదు, ఏబది వేలే కలవని కాండను చెప్పగా జాన్ వెంటనే యొప్పుకొనెను. బిడ్డ యొక పడవలో నున్నాడని చీటి యిచ్చెను. సముద్రమంతయు వెదకిరి, అట్టి పడవ లేదు.

మే 12వ తేదీన ఆ మేడకు ఇంచుమించు నాలుగున్నర మైళ్ల దూరమున, రహదారి ప్రక్క పొదలలో బిడ్డ శవము కనబడెను. తల పగిలియుండెను. ఎత్తుకొనిపోయిన రాత్రియే చనిపోయినట్లు వైద్యులు తలచిరి. బ్రతికియున్న బిడ్డకొరకని పుచ్చుకొన్న సొమ్ము చచ్చిన బిడ్డపేర పుచ్చుకొన్నదన్నమాట.

ఇప్పుడు "లోపలివారెవరు?" అను ప్రశ్న తలయెత్తెను. దానికి కారణము లేకపోలేదు. లిండ్‌బర్గు దంపతులు ఆ మేడలో శని ఆదివారములు మాత్రమే గడుపుచు, సోమవారమున ఆమె పుట్టినింటికి పోవుచుండిరి. ఆ వారము బిడ్డకు పడిశము పట్టుటచేత మంగళవారము గూడ అచ్చటనే యుండిపోయిరి. ఈ మార్పు ఇంటివారికిని, పనివారికిని తప్ప నెవరికి తెలియును? పోలీసులు పనివారినందరిని మరల మరల ప్రశ్నించిరి. పుట్టినింటి పరిచారిక యొకతె, ఆ రాత్రి తాను ఎవరితో నెక్కడికి పోయినదో సరిగా చెప్పక తడబడెను. జూన్ 10వ తేదీన మరల ప్రశ్నించుటకు వచ్చుచున్నారని తెలిసి ఆమె విషము త్రాగి మరణించెను. తరువాత విచారింపగా ఆమె స్నేహితులతో ఒక ఫలహారశాలకు పోయిన మాట నిజమేయని తేలెను. సిగ్గుచేతనో, ఉద్యోగము పోవునను భయముచేతనో ఆమె దాచినది దాని నొక్కదానినే. తోడుదొంగకై వెదకువారు ఈ యాడుకూతురి చావును మరువరాదు. "లోపలివారెవరో యుందురు" అను మాట పలుకుట సులభము. అది తగిలినవారికి సులభము కాదు.

రెండేండ్లవరకు దొంగ చిక్కలేదు. చిక్కించినది నోట్ల యంకెలు. ఆదాయపు పన్ను శాఖలో నేరపరిశోధన చేయు ఎల్మర్ ఐరీ అను అధికారి పట్టుపట్టి విడుదల సొమ్ములో చాలభాగము "బంగారు నోట్లు"గా ఇప్పించి, ప్రతి నోటు సంఖ్యయు వ్రాయించి యుంచెను. బంగారు నోట్లనగా వానికి బదులు ప్రభుత్వము బంగారమీయవలసినవి. 1933 ఏప్రిల్‌లో అధ్యక్షుడు రూజ్వెల్టు ప్రజలు తమయొద్దనున్న బంగారమును, బంగారు నోట్లను మే 1వ తేదీలోగా అప్పగింపవలెనని యుత్తరువు చేయుటచే అట్టి నోట్లు చేతులలో నరుదయ్యెను. చూచినవాని కంట బడుచుండెను. 1934 సెప్టెంబరు 15వ తేదీన ఒక పెట్రోలు అంగడిలో నొకడు పది డాలర్ల బంగారు నోటు నిచ్చెను. అంగడివాడు అనుమానించి, వాని కారు సంఖ్యను ఆ నోటు అంచుననే వ్రాసికొనెను. నాలుగు దినములలో బ్రూనో రిచర్డ్ హాప్ట్‌మన్ పట్టువడెను. అతడు జర్మనీనుండి వచ్చిన వడ్రంగి, బ్రాంక్సులోనే కాపురము. అతని కారు కొట్టములో ఆ విడుదల సొమ్మే 14,000 డాలర్లకు పైగా దాచబడియుండెను.

1935 జనవరి 2వ తేదీన ఫ్లెమింగ్టన్ అను చిన్న పట్టణములో విచారణ మొదలయ్యెను. ఈ విచారణలో నా మనస్సును మిక్కిలి యాకర్షించినది వ్రాతనిపుణులుగాని, సాక్షుల గుర్తింపులుగాని కావు. కొయ్య చెప్పిన సాక్ష్యము. మీ ఊరి వడ్రంగిని పిలిచి చెప్పినచో దీనిని మనకన్న బాగుగా గ్రహించును.

విస్కాన్సిన్ రాష్ట్రములోని ప్రభుత్వ అటవీకలప పరిశోధనశాలలో ఆర్థర్ కోలర్ అను శాస్త్రజ్ఞుడుండెను. హాప్ట్‌మన్ పేరు ఎవరికిని తెలియకముందే నిచ్చెన ముక్కల నతనికి పంపిరి. పలకను చిత్రికపట్టు యంత్రములో కత్తులుండును. ఆ కత్తులలో నొకటి కొంచెము మొక్కపోయినచో, పలకపై నిర్ణీతమైన దూరమునకొకసారి ఒక చిన్న గీత పడును. ఆ గీతల యెడమునుబట్టి యంత్రములో నెన్ని కత్తులుండెనో, పలక యెంత వేగముగా నడచెనో లెక్కకట్టవచ్చును. కోలరు ఇంచుమించు 1,600 కలప మిల్లులకు వ్రాసి, అట్టి యంత్రము గలవానిని ఏరి, నమూనాలు తెప్పించి, తుదకు దక్షిణ కరోలినా రాష్ట్రములోని యొక మిల్లును పట్టెను. ఆ మిల్లునుండి కలప పోయిన చోట్లన్నియు తిరిగి, బ్రాంక్సులోని యొక కలప అడితి చేరెను. అచ్చట దారి తెగిపోయెను. కొన్నవారి జాబితా లేదు. తరువాత హాప్ట్‌మన్ పట్టువడగా, అతడు ఆ అడితిలోనే పనిచేసినవాడనియు, అచ్చటనే కలప కొన్నవాడనియు తెలిసెను.

అంతతో నాగలేదు. నిచ్చెనలోని యొక నిలువుకమ్మి తక్కినవానివలె క్రొత్త కలప గాదు. దానికి పని లేని నాలుగు చదరపు మేకు బెజ్జములుండెను. ఏదో పాతపలకను రంపముతో కోసి వాడుకొన్నట్లు తోచెను. హాప్ట్‌మన్ యింటి అటకలో నేలపలక యొకటి సగము కోసి తీయబడియుండెను. ఆ కమ్మిని అచ్చట నుంచగా, దాని నాలుగు బెజ్జములును అడ్డదూలములలోని నాలుగు బెజ్జములకు సరిగా కుదిరెను. కొయ్యలోని వయసు చారలు సైతము అటకలో మిగిలిన పలక చారలతో కలిసెను. పోలీసులే ఈ సాక్ష్యమును కల్పించిరని ప్రతివాది పక్షమువారు అప్పుడనిరి, వారి యనుయాయులు తరువాతను అనిరి. ఇటీవల 2005 ప్రాంతమున ఒక పరిశోధకుడు ఆ కమ్మిని, పలకను క్రొత్తగా పోల్చిచూచి, రెండును ఒకే పలకలోనివని మరల తేల్చెను.

దీనికి తోడు, కాండను ఇంటి చిరునామాయు టెలిఫోను సంఖ్యయు హాప్ట్‌మన్ గది అలమార తలుపు కమ్మిపై వ్రాసియుండెను. సొమ్ము చేతులుమారిన దినములలోనే అతడు వడ్రంగపు పని మానివేసి, వాటాల వ్యాపారమున దిగెను. ఆ సొమ్ము తనది కాదనియు, ఇసిదోర్ ఫిష్ అను తన భాగస్వామి జర్మనీకి పోవుచు ఒక పెట్టెలో పెట్టి దాచుమని యిచ్చెననియు హాప్ట్‌మన్ చెప్పెను. ఫిష్ 1934 మార్చిలో క్షయచేత మరణించియుండెను. ఆ మాటకు సాక్ష్యము చెప్పువాడు లేడు. ఫిబ్రవరి 13వ తేదీన జూరీవారు అపరాధియని తీర్పు చెప్పిరి.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. ముందుగా రెండు ప్రశ్నలను వేరుచేయవలెను. "హాప్ట్‌మన్ ఈ నేరములో నుండెనా?" అనునది యొకటి. "హాప్ట్‌మన్ మాత్రమే యుండెనా?" అనునది మరియొకటి. జనులు వీనిని కలగాపులగము చేయుదురు. తోడుదొంగ యుండెనని తోపగానే, అట్లయిన పట్టువడినవాడు నిర్దోషియని కొందరు మురిసిపోదురు. అది పొరపాటు. నిచ్చెన కమ్మి అతని అటకలోనిదైనచో, వెనుక పదిమంది యున్నను అతని భాగము తగ్గదు.

తోడు అనునదియు ఒకే రకము కాదు. పని జరుగుటకు ముందు సమాచారము చేరవేసినవాడొకడు. జరుగునప్పుడు నిచ్చెన పట్టుకొన్నవాడు, కాపు కాచినవాడు మరియొకడు. జరిగిన తరువాత దొంగసొమ్మును తక్కువ వెలకు కొన్నవాడు వేరొకడు. న్యాయశాస్త్రము ఈ మూవురను ఒకే గాటను కట్టదు. మన దేశమున 1923లో కలకత్తాలో నొక పోస్టుమాస్టరును దోపిడిగాండ్రు కాల్చిచంపిరి. పట్టువడినవాడు "నేను వాకిటనే నిలిచితిని, కాల్చలేదు" అని వాదించెను. 1924లో ప్రీవీ కౌన్సిలు ఆ వాదమును త్రోసివేసి, ఒకే సంకల్పముతో వచ్చినవారిలో వాకిట నిలిచినవాడును చంపినవానితో సమానుడేయని చెప్పెను. ఇది 1860 నాటి పీనల్ కోడులోని సూత్రము; 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలోను ఆ సూత్రము నిలిచియే యున్నది. దొంగసొమ్ము కొన్నవాని నేరమన్ననో వేరు. వానికి శిక్షయు వేరు. న్యూజెర్సీ న్యాయముగూడ ఈ విషయమున మన సూత్రమునకు దూరము కాదు. కన్నము వేయుచుండగా ప్రాణము పోయినచో అది హత్యయే; బిడ్డ కావలెనని చంపబడెనా, నిచ్చెన విరిగి జారిపడెనా యను భేదము లేదు. ప్రభుత్వ న్యాయవాది డేవిడ్ విలెంట్జ్ మొదట నిచ్చెన విరిగినదని చెప్పి, ముగింపులో గదిలోనే చంపబడెనని మాట మార్చుటకును వీలైనది అందుచేతనే. ఈ మార్పు నాకు రుచింపదు. ఒక ప్రాణము తీయబోవునప్పుడు ప్రభుత్వమునకు కథ యొకటే యుండవలెను.

తోడుదొంగ కలడనువారి వాదములను ఇప్పుడు తూతము. మొదటిది, మంగళవారపు సంగతి. దీనిని నేను చాలసార్లు ఆలోచించితిని. ఇంటివారి యలవాటు తెలిసినవాడెవడైనను మంగళవారమున వచ్చునా? అలవాటునుబట్టి ఆ దినమున ఇల్లు ఖాళీగా నుండవలెను గదా! పడిశపు సంగతి తెలిసినవాడైనను రావలెను, అలవాటే తెలియనివాడైనను రావలెను. రెండవవాడు దూరమునుండి దీపము చూచి, మనుష్యులున్నారని తెలిసికొని వచ్చును. ఆ యిల్లు కట్టుచున్నప్పటినుండియు పత్రికలవారు దానిని గూర్చి వ్రాయుచునే యుండిరి. అడవి నడుమ నున్నది. చెట్లచాటున నిలిచి ఏ గదిలో దీపమెప్పు డారునో చూచుట కష్టము కాదు. కావున లోపలివాడు చెప్పెననుటకు ఈ వాదము చాలదు.

కుక్క మొరగలేదందురు. ఆ కుక్క ఇంటికి వేరొక ప్రక్కన నుండెను. ఆ రాత్రి గాలి బలముగా వీచుచుండెను. కుక్క మాట యటుండనిండు. రాత్రి తొమ్మిదిగంటల ప్రాంతమున కొయ్య విరిగిన చప్పుడువంటిది లిండ్‌బర్గే వినెను. వంటయింటిలో ఏదో పెట్టె పడినదని యూరకుండెను. యజమానుడే విని లేవని చప్పుడునకు కుక్క లేవలేదని పనివారిని నిందించుట యేమి న్యాయము?

పాదముద్రలు ఇద్దరివి అని మొదట వినవచ్చెను. ఆ మధ్యాహ్నమే తల్లి ఆ బురదలో నడచి, బిడ్డ గది కిటికీకి చిన్న రాయి విసరి, బిడ్డను పిలిచి మురిసెను. ఆ రెండవ అడుగులు ఆమెవి కావచ్చును. అచ్చు తీయలేదు గనుక ఇంకేమియు చెప్పుటకు వీలులేదు.

నిచ్చెన వాదము వీనికన్న బలమైనది. మూడు ముక్కలలో రెంటినే నిలిపి యెక్కిరి. పైభాగము కిటికీ గడపకు అందలేదు. చీకటిలో, గాలిలో, ఇంచుమించు ముప్పది పౌనుల బిడ్డనెత్తుకొని, కాలితో తడవి నిచ్చెన మెట్టును పట్టుకొని దిగుట యొక్కనికి సాధ్యమా? క్రింద నొకడు నిలిచి అందుకొన్నచో సులభము. కాని సులభమగుటకును, జరిగియుండుటకును భేదమున్నది. ఒక్కడు దిగుచుండుటచేతనే కదా బరువు హెచ్చి కమ్మి చీలినదనియు చెప్పవచ్చును! హాప్ట్‌మన్ వృత్తిచే వడ్రంగి. అంతేకాక, యౌవనమున జర్మనీలో ఒక పురాధ్యక్షుని యింట నిచ్చెన వేసి కిటికీగుండ ప్రవేశించి దొంగిలించినందుకు శిక్ష ననుభవించినవాడు. అయితే తోడుదొంగ కలడనువారికిని ఈ సంగతిలో కొంత సాయమున్నది: ఆ జర్మనీ దొంగతనములో అతనికి తోడొకడుండెను.

జాన్ చెప్పిన ముఠా మాటకు నేను విలువ యీయను. చీకటిలో ఒంటిగా నిలిచిన దొంగ "ఒరే, ఇటు రండిరా!" అని లేనివారిని పిలుచుట మనమెరుగనిదా? ఆ జానే మొదటి కలయికలో, బిడ్డ చనిపోయియుండినచో తనకు మరణశిక్ష పడునా యని కాండను నడిగెను. మాకు పడునా యని యడుగలేదు. ఇరువది వేలు తగ్గించుటకు ఎవరిని నడుగకయే తల యూపెను. పైన పెద్దవాడు గలవాడు అంత తేలికగా ఇరువది వేలు వదలుకొనునా? నిజమే, తరువాత చీటి తెచ్చుటకని వాడు కొంతసేపు చీకటిలోనికి పోయి వచ్చెను. ఆ సమయమున ఎవరినైన సంప్రదించెనేమో యని యెవరైన ననవచ్చును. ఉత్తరములన్నియు ఒకే చేతివ్రాత యని నిపుణులు చెప్పిరి. హాప్ట్‌మన్ పట్టువడుటకు ముందే డడ్లీ షోన్‌ఫెల్డ్ అను మానసికవైద్యుడు ఆ యుత్తరములు చదివి, ఇది ముఠా పని గాదు, ఒంటిగాని పని యని తలచెను.

ఇక నాకు నిజముగా కొరకబడనిది ఒకటున్నది. బంగారు నోట్లు అప్పగించుటకు గడువైన 1933 మే 1వ తేదీననే, న్యూయార్కు ఫెడరల్ రిజర్వు బ్యాంకులో జె. జె. ఫాక్నర్ అని సంతకము చేసి యొకడు 2,980 డాలర్ల బంగారు నోట్లను మార్చుకొని పోయెను. అవి విడుదల సొమ్ములోనివే. చీటిపై వ్రాసిన చిరునామాలో అట్టివాడు లేడు. ఆ వ్రాత హాప్ట్‌మన్ వ్రాతవలె లేదు. వాడెవడో నేటివరకు తేలలేదు. అయితే వీడు తోడుదొంగయేనా? ఇచ్చటనే నేను ముందు చేసిన విభాగము పనికివచ్చుచున్నది. దొంగనోటును సగము వెలకు కొన్న యొకడు, గడువు దాటకముందే బ్యాంకులో మార్చుకొని లాభము తీసియుండవచ్చును. వానికి హోప్‌వెల్ మేడ యెక్కడనున్నదో తెలియనక్కరలేదు. హాప్ట్‌మన్ ఖర్చులును, వాటాల నష్టమును, దాచినదియు కలిపి చూచినచో ఇంచుమించు ఏబది వేలును ఒక్కనికే లెక్క కుదురునని ప్రభుత్వపక్షపు గణికుడు సాక్ష్యమిచ్చెను. అట్లు కుదిరినచో పంచుకొన్న రెండవవానికి భాగమెక్కడనుండి వచ్చెను?

తీర్పు తరువాత న్యూజెర్సీ గవర్నరు హెరాల్డ్ హాఫ్‌మన్‌కు ఈ శంకయే పట్టుకొనెను. 1935 అక్టోబరులో ఒక రాత్రి అతడు చెరసాలకు పోయి ఖైదీతో స్వయముగా మాటలాడెను. ఇది ఒంటిగాని పని కాదని అతని నమ్మకము. 1936 జనవరిలో ముప్పది దినములు శిక్ష నాపించెను. పరిశోధన మరల చేయించెను. నిజము చెప్పి తోడివారి పేర్లు చెప్పినచో ప్రాణము దక్కవచ్చునను ఆశ ఖైదీకి కనబడుచునే యుండెను. మన న్యాయస్థానములలో ఇట్టివానిని అప్రూవరందురు. తోడుదొంగ చెప్పిన మాటను వేరు ఆధారము లేనిదే నమ్మరాదని 1872 నాటి మన సాక్ష్యచట్టము హెచ్చరించినను, అట్టివాని మాటవలననే విడిపోయిన చిక్కులెన్నియో కలవు. హాప్ట్‌మన్ ఒక్క పేరును చెప్పలేదు. తుదివరకు తాను నిర్దోషినే యనెను. 1936 ఏప్రిల్ 3వ తేదీన ట్రెంటన్ చెరసాలలో విద్యుత్తు కుర్చీలో అతని ప్రాణము తీసిరి.

ఈ మౌనమున కర్థమేమి? నిర్దోషి గనుక చెప్పుటకేమియు లేదని భార్య యనెను. తోడివారు లేరు గనుక పేర్లు లేవని ప్రభుత్వము తలచెను. చెప్పిన మరునాడు భార్యయు, పసికుమారుడును హంతకుని కుటుంబమని ముద్రపడుదురని యోర్చుకొనెనని మరికొందరు. మూడును మౌనమునకు సరిపోవును. కనుక మౌనము దేనికిని సాక్ష్యము కాదు. నేను నా యభిప్రాయము దాచను. అటక పలకయు, తలుపుపై వ్రాతయు, కొట్టములోని సొమ్మును కలిసి హాప్ట్‌మన్‌ను నిచ్చెనకు కట్టివేయుచున్నవి. నిచ్చెనయొద్ద రెండవవాడుండెననుటకు వీలు కలదు గాని, వానిని చూపు వస్తువొక్కటియు లేదు. సొమ్మును మార్చిన రెండవ చేయి యుండెననుటకు మాత్రము బ్యాంకు చీటి యున్నది. వాని నెరిగియుండినవాడు హాప్ట్‌మన్ యొక్కడే కావచ్చును. వాని నోరు శాశ్వతముగా మూయబడినది రాజ్యము చేతులతోడనే.

అప్పుడు పోలీసులకు ముఖ్యుడుగా నుండిన హెచ్. నార్మన్ ష్వార్జ్‌కాఫ్ కుమారుడే 1991లో కువైటు యుద్ధమున అమెరికా సైన్యమును నడపిన సేనాధిపతి. ఆ బిడ్డ పేర 1932 జూన్‌లోనే, మనుష్యుల నెత్తుకొని రాష్ట్రపు హద్దు దాటించుటను కేంద్రప్రభుత్వపు నేరముగా చేయు చట్టము పుట్టెను. హాప్ట్‌మన్ భార్య 1994 వరకు జీవించి, తన భర్త యేమియు నెరుగడని చెప్పుచునే యుండెను. ఆమె రాష్ట్రముపై వేసిన దావాలను న్యాయస్థానములు కొట్టివేసెను. 2012లో నొక గ్రంథకర్త జాన్ అనువాడు మరియొక జర్మనువాడని పేరు పెట్టి పుస్తకము ప్రకటించెను. నిచ్చెనవంటి ఆధారము అందులో లేదు. ఆ నిచ్చెన న్యూజెర్సీ పోలీసుల ప్రదర్శనశాలలో భద్రపరచబడియున్నది. చీలిన కమ్మియు, నాలుగు బెజ్జముల కమ్మియు దానికే యున్నవి.